తీరని బాకీ

మన తెలుగులో 'తీర్చుకోవడం' అనే మాట ఒకటి ఉన్నది. ఎండన పడి వచ్చి దాహం తీర్చుకుంటాము. తిరుపతి కొండ ఎక్కి మొక్కు తీర్చుకుంటాము. కూతురి పెళ్లిలో ముచ్చట తీర్చుకుంటాము. ఆ పెళ్లికి చేసిన అప్పులు నాలుగేళ్లకో అయిదేళ్లకో తీర్చుకుంటాము. చిత్రమేమిటంటే, పగ కూడా తీర్చుకుంటాము!

దాహం తీరితే చెంబు కింద పెడతాము. మొక్కు తీరితే నున్నటి గుండుతో, చేతిలో ప్రసాదంతో ఇంటికి వస్తాము. అప్పు తీరితే ప్రోనోటు చింపి అవతల పారేస్తాము. మరి పగ తీరితే ఏమవుతుంది? తీరినవాడెవడైనా ఉంటే గదా చెప్పడానికి!

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక మాటలను తిరగేసి చూడడం నాకు అలవాటు. పగను గురించి మనవాళ్లు మాట్లాడే తీరు చూడండి. "వాడి బాకీ ఉంచుకోను" అంటారు. "వడ్డీతో సహా చెల్లిస్తాను" అంటారు. "ఎప్పటికైనా లెక్క సరిచేస్తాను" అంటారు. ఇదంతా పద్దు పుస్తకం ముందు కూర్చున్న షావుకారు భాష. ఎదుటివాడు మనకు బాకీ పడ్డాడనీ, ఆ బాకీ వసూలయితే మనశ్శాంతి కలుగుతుందనీ మన లోపల ఎక్కడో ఒక లెక్క ఉన్నదన్న మాట. ఆ లెక్క సరి అయినదేనా అన్నదే ఇక్కడ విచారించదలచిన సంగతి.

అందుకు హైదరాబాదులోని జూబిలీహిల్స్, దానిని అంటిపెట్టుకుని ఉన్న ఫిలింనగర్ కంటె తగిన చోటు మరొకటి లేదు. మద్రాసులో పెరిగి పెద్దదయిన తెలుగు సినిమా క్రమంగా తరలివచ్చి ఈ రాళ్లగుట్టల మీద కాపురం పెట్టింది. స్టూడియోలు, డబ్బింగు థియేటర్లు, నిర్మాతల ఆఫీసులు, తారల మేడలు ఒక పక్క. లైట్లు మోసేవాళ్లు, సెట్లు వేసే వడ్రంగులు, గుంపులో నిలబడే చిన్న నటులు తలదాచుకునే ఇరుకు బస్తీలు మరొక పక్క. తెలుగువాడి కలలు ఇక్కడే తయారవుతాయి. ఆ కలలలో చాలా భాగం పగను గురించినవే.

కథ మీకు తెలిసినదే. తండ్రిని చంపుతూ ఉండగా స్తంభం చాటునుంచి చూసిన కుర్రవాడు పెరిగి పెద్దవాడవుతాడు. పేరు మార్చుకుని ఎక్కడో వినయంగా బతుకుతూ ఉంటాడు. విశ్రాంతికి ముందు అసలు పేరు బయటపడుతుంది. ఆఖరి రీలులో బాకీ వసూలవుతుంది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర' - సీమ కక్షల కథలకు జనం విరగబడ్డారు. 2012లో వచ్చిన 'ఈగ'లో హత్యకు గురయిన నాయకుడు, మనిషి జన్మ చాలక, ఈగ జన్మ ఎత్తి మరీ పగ సాధించాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఈగ కష్టానికి ఎవరికి మాత్రం జాలి వెయ్యదు!

అయితే సినిమాలో ఒక వెసులుబాటు ఉన్నది. దుర్మార్గుడు నేల కూలగానే కథ అయిపోతుంది. కెమెరా ఆ దుర్మార్గుడి ఇంటికి వెళ్లదు. వాడి తల్లి మంచం మీద కూలబడి ఏమని ఏడ్చిందో, వాడి కొడుకు ఏ స్తంభం చాటునుంచి చూశాడో మనకు చూపించరు. చూపిస్తే రెండో కథ అక్కడ మొదలవుతుంది. మొదటి కథకు కొట్టిన చప్పట్లు చేతులలోనే ఆగిపోతాయి.

జీవితంలో ఆ వెసులుబాటు లేదు. పగ కథలు తయారయ్యే ఈ కొండ మీదికే 1997 నవంబరు 19న అసలు పగ నడిచి వచ్చింది.

అనంతపురం జిల్లాలో 1975లో హత్యకు గురయిన పరిటాల శ్రీరాములు జీవితం ఆధారంగా 'శ్రీరాములయ్య' అనే చిత్రం తలపెట్టారు. ఆనాడు రామానాయుడు స్టూడియోలో ముహూర్తం. శ్రీరాములు కుమారుడు, అప్పటి శాసనసభ్యుడు పరిటాల రవి వచ్చారు. స్టూడియో దగ్గర నిలిపి ఉంచిన కారులో బాంబు పేలింది. 26 మంది చనిపోయారు. ఎవరి కోసం పెట్టారో ఆ రవి మాత్రం గాయాలతో బయటపడ్డారు. చనిపోయినవారిలో వార్త చిత్రీకరించడానికి వచ్చిన టీవీ సిబ్బంది కూడా ఉన్నారు. వారు ఎవరికి బాకీ? ఏ పద్దులో వారి పేరు ఉన్నది?

దాని ముందువెనుకలు చూడండి. 1993లో మద్దెలచెరువులో టీవీ పెట్టెలో అమర్చిన బాంబు పేలి గంగుల సూర్యనారాయణరెడ్డి, అంటే సూరి, కుటుంబంలోనివారు చనిపోయారు. 1997 నాటి కారు బాంబు కేసులో సూరి దోషి అని న్యాయస్థానం తేల్చింది. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవిని కాల్చి చంపారు. ఆ హత్య కేసులో ప్రధాన నిందితుడు 2008 నవంబరులో అనంతపురం జైలులోనే తోటి ఖైదీ చేతిలో చనిపోయాడు. 2010లో ఈ కథ అంతా 'రక్తచరిత్ర' అనే పేరుతో రెండు భాగాల సినిమాగా వచ్చింది. జనం చూసి, కథ అయిపోయిందనుకుని ఇళ్లకు వెళ్లారు. 2011 జనవరి 3న, శిక్ష అనుభవించి బయటకు వచ్చిన సూరిని హైదరాబాదులో అతని అనుచరుడే కాల్చి చంపాడు. సినిమా ముగిసినా కథ ముగియలేదు.

1975 నుంచి 2011 దాకా 36 ఏళ్లు. ఈ 36 ఏళ్లలో బాకీ తీరిన రోజు ఏదో ఎవరైనా చూపించగలరా? ఎవరు వసూలు చేసుకున్నామనుకున్నా, అది అవతలివాడి పుస్తకంలో కొత్త అప్పుగానే పడింది. అప్పుకూ పగకూ ఉన్న తేడా ఇదే. అప్పు చెల్లిస్తే ఇద్దరి పుస్తకాలలోనూ కొట్టివేత పడుతుంది. పగ చెల్లిస్తే ఒక పుస్తకంలో కొట్టివేత పడి, రెండో పుస్తకంలో కొత్త పేజీ తెరుచుకుంటుంది.

గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగిన మా అమ్మ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేది. రాత్రిపూట మమ్మల్ని కూర్చోబెట్టి పరలోక ప్రార్థన చెప్పించేది. అందులో క్షమాపణ అడిగే చోట తెలుగు బైబిలు వాడిన మాట పాపం కాదు, తప్పు కాదు, ఋణం! మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలోని ఆ వాక్యంలో మన ఋణాలు క్షమించమని దేవుణ్ణి అడుగుతాము. అయితే ఊరికే అడగడానికి వీలు లేదు. మనకు ఋణపడినవారిని మనం అప్పటికే క్షమించి ఉండాలి. చిన్నతనంలో మాకు ఈ మాట వింతగా ఉండేది. దేవుడికీ మనకూ మధ్య అప్పుల గొడవ ఏమిటి? పగను అప్పుగా లెక్కపెట్టేవాళ్లకు వారి భాషలోనే జవాబు చెప్పాడు కాబోలు అని పెద్దయ్యాక తోచింది.

అదే సువార్త 18వ అధ్యాయంలో ఒక కథ ఉన్నది. తనపట్ల తప్పు చేసినవాణ్ణి ఏడుసార్లు క్షమిస్తే చాలునా అని పేతురు అడిగాడు. తనకు తాను ఉదారంగానే లెక్క వేశాడనుకోవాలి. ఏసు ఆ ఏడును డెబ్బయితో హెచ్చించమన్నాడు. హెచ్చిస్తే 490 వస్తుంది. కాని 491వ సారికి కత్తి తీయమని దాని భావం కాదు గదా! లెక్కపెట్టడమే మానమని. బైబిలు మొదటి పుటలలోనే లెమెకు అనేవాడు తనకు హాని చేసినవాడిమీద డెబ్బయి ఏడంతల పగ సాధిస్తానని భార్యల ముందు గొప్పలు చెప్పుకుంటాడు. పగ పెరిగిన లెక్కకు, అంతకు మించిన క్షమ లెక్క కట్టి బదులు చెప్పినట్లున్నది.

ఆ తరువాత ఏసు చెప్పిన కథలో ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. తలాంతు అంటే సుమారు ఆరువేల దేనారములు. దేనారము ఒకరోజు కూలి. లెక్క కడితే ఆరు కోట్ల రోజుల కూలి! ఏడు జన్మలెత్తినా తీరేది కాదు. దాసుడు కాళ్లమీద పడ్డాడు, రాజు జాలిపడి అంతా కొట్టివేశాడు. బయటకు వచ్చిన ఆ దాసుడు తనకు నూరు దేనారములు బాకీ ఉన్న తోటి దాసుడి పీక పట్టుకుని జైలులో వేయించాడు. ఏసు ఆ నూరు దేనారముల బాకీ అబద్ధమనలేదు. మూడు నెలల కూలి బీదవాడికి తక్కువ సొమ్మేమీ కాదు. మనకు జరిగిన అన్యాయం నిజమే. కాని మనం కూడా ఎవరో ఒకరు పుస్తకం మూసివేస్తేనే బతుకుతున్నవాళ్లం. ఇదే ఆ కథలోని పట్టు.

ఈ మాటను తెలుగువాళ్లకు వెండితెర మీద చూపించిన చిత్రం 1978లో వచ్చిన 'కరుణామయుడు'. క్రీస్తు పాత్ర ధరించిన విజయచందర్ టంగుటూరి ప్రకాశం పంతులుగారి మనుమడు. దర్శకుడు ఎ. భీంసింగ్, 1961లో ఆయన తీసిన తమిళ చిత్రం 'పావమన్నిప్పు' పేరుకు అర్థమే పాపక్షమాపణ. 'కరుణామయుడు' విడుదలయ్యేనాటికి ఆయన జీవించి లేరు. శిలువ మోసుకుపోయే ఘట్టానికి మోదుకూరి జాన్సన్ రాసిన పాటను బాలసుబ్రహ్మణ్యం గొంతులో విని కళ్లు తుడుచుకోని ఊరు లేదు. హిందీలో 'దయాసాగర్' పేరుతోనూ, ఇతర భాషలలోనూ ఈ చిత్రాన్ని ఊరూరా తెర కట్టి ఏళ్ల తరబడి చూపించారు. ఎనిమిదేళ్ల తరువాత అదే విజయచందర్ షిరిడీ సాయిబాబాగా నటిస్తే అదే జనం అంతే భక్తితో చూశారు. మన జనానికి కరుణ ఏ వేషంలో వచ్చినా గుర్తుపట్టే శక్తి ఉన్నది.

పగ కథలకు అలవాటుపడిన కంటితో ఆ చిత్రం ఆఖరి ఘట్టం చూడండి. నాయకుణ్ణి కొట్టారు, ఉమ్మివేశారు, మేకులు దిగగొట్టారు. మామూలు సినిమా అయితే ఇక్కడే నాయకుడి కళ్లు ఎర్రబడాలి, గాలివాన లేవాలి, శత్రువులు ఎగిరిపడాలి. ఇక్కడ నాయకుడు తనను మేకులు కొట్టినవాళ్ల కోసమే ప్రార్థించాడు. వాళ్లకు తాము చేసేది తెలియదన్నాడు. విలన్ వైపునుంచి కథను చూసిన నాయకుడు ఆయన!

ఈ మాట క్లాసులో చెబితే పిల్లలు ఊరుకోరు. ఒకసారి భాగవతం పాఠం చెబుతూ ఉండగా వెనుక బెంచీ అమ్మాయి లేచి, "సార్, ద్రౌపది అశ్వత్థామను వదిలిపెట్టమనడం అన్యాయం కాదా? నిద్రపోతున్న అయిదుగురు పిల్లలను చంపినవాడు గదా!" అని అడిగింది. మంచి ప్రశ్న. జవాబు కోసం కథను మొదటినుంచీ తవ్వుకోవలసి వచ్చింది.

ద్రుపదుడు చిన్ననాటి స్నేహితుడైన ద్రోణుణ్ణి అవమానించాడు. ద్రోణుడు అర్జునుడి చేత ద్రుపదుణ్ణి కట్టి తెప్పించి బాకీ తీర్చుకున్నాడు. ద్రుపదుడు ద్రోణుణ్ణి చంపే కొడుకు కోసం యజ్ఞం చేశాడు. ధృష్టద్యుమ్నుడు పుట్టాడు, యుద్ధంలో ద్రోణుణ్ణి చంపాడు. ద్రోణుడి కొడుకు అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో దూరి ధృష్టద్యుమ్నుణ్ణి, ఉపపాండవులను చంపాడు. ఎక్కడి అవమానం, ఎక్కడి పసిబిడ్డలు! ద్రౌపది ఎవరు? ద్రుపదుడి పగకోసం రగిలిన ఆ యజ్ఞగుండంలోనుంచే పుట్టిన పిల్ల.

భారతంలో ఈ ద్రౌపదే అశ్వత్థామ మీద పగ తీర్చితేగాని లేవనని ప్రాయోపవేశానికి కూర్చున్నది. భాగవతంలోని ద్రౌపది వేరు. కట్టి తెచ్చిన గురుపుత్రుణ్ణి చూసి అతని తల్లి కృపిని తలచుకున్నది. తనలాగే ఆమె కూడా ఏడవాలా అన్నది. కెమెరా వెళ్లని ఇంటికి ఆమె మనస్సు వెళ్లింది. దయ అంటే ఇంతే. శత్రువు మంచివాడని నమ్మడం కాదు. శత్రువుకూ ఒక తల్లి ఉన్నదని జ్ఞాపకం తెచ్చుకోవడం.

అయితే శిక్ష లేకుండా పోయిందా? లేదు. అశ్వత్థామ తల గొరిగారు, శిరోమణి ఊడబెరికారు, శిబిరంనుంచి వెళ్లగొట్టారు. ప్రాణం మాత్రం తీయలేదు. క్షమకూ న్యాయానికీ పొత్తు కుదురుతుందని ఇంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే ఫరవాలేదు సార్" అని కూర్చున్నది.

మన కాలంలోనూ అటువంటి స్త్రీలున్నారు. ఒడిషాలో కుష్ఠు రోగులకు సేవ చేసిన ఆస్ట్రేలియా దేశస్థుడు గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల, ఆరేళ్ల ఇద్దరు కొడుకులతో సహా 1999 జనవరిలో జీపులో సజీవ దహనం చేశారు. భార్య గ్లాడిస్ ఆ హంతకులను క్షమించానని చెప్పారు. చట్టం పనికి ఆమె అడ్డు రాలేదు. కేసు నడిచింది, శిక్ష పడింది. ఆమె మాత్రం కూతురితో బరిపదలోనే ఉండి, 2004 దాకా ఆ రోగుల సేవ సాగించారు. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. భర్త చేతిలోనుంచి జారిపోయిన పని అందుకున్నదే తప్ప హంతకుల చేతిలోని కత్తిని అందుకోలేదు.

కేరళలో పుట్టి మధ్యప్రదేశ్ పల్లెలలో పనిచేసిన సన్యాసిని రాణి మరియాను 1995 ఫిబ్రవరి 25న బస్సు ఆపి పొడిచి చంపారు. 2002లో ఆమె చెల్లెలు, ఆమె కూడా సన్యాసినే, జైలుకు వెళ్లి ఆ హంతకుడి చేతికి రాఖీ కట్టింది. తరువాత తల్లి వచ్చి, తన బిడ్డను పొడిచిన ఆ చేతులనే ముద్దు పెట్టుకున్నది. ఆ కుటుంబమే అతని విడుదలకు సాయపడింది. 2006లో అతను బయటకు వచ్చాడు. ఆ తల్లికి కడుపుకోత లేదని ఎవరనగలరు? ఉన్నది గనుకనే అది ఇంకొక ఇంటికి పోకూడదనుకున్నది.

క్షమ అంటే నోరు మూసుకోవడమని కొందరి అనుమానం. గుర్రం జాషువాను చూడండి. కులం పేరిట ఆయన పడిన అవమానాలు ఇన్నీ అన్నీ కావు. ఆయన నోరు మూసుకోలేదు. 1941లో 'గబ్బిలం' రాసి లోకాన్నే నిలదీశారు. ఆ చేత్తోనే 'క్రీస్తు చరిత్ర' రాశారు. 1964లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అన్యాయాన్ని అన్యాయమని అనడానికీ, మనిషిని ద్వేషించకుండా ఉండడానికీ మధ్య ఒక తోవ ఉన్నదని ఆయన నడిచి చూపించారు.

ఫిలింనగర్ కూడా ఈ తోవ చూడకపోలేదు. 'ఈగ' తీసిన రాజమౌళే 2010లో 'మర్యాదరామన్న' తీశారు. గడప లోపల రక్తం చిందకూడదన్న ఆచారం చాటున నాయకుడు ప్రాణం దక్కించుకుంటాడు. చివరకు పిల్ల ప్రేమ ముందు పెద్దల పగ తల వంచుతుంది. 2018లో వచ్చిన 'అరవింద సమేత వీరరాఘవ'లో తండ్రిని పోగొట్టుకుని కత్తి పట్టిన మనుమడికి, ఆ కత్తి దించమని దారి చెప్పేది ఇంట్లో ఉన్న ముసలి జేజి. ఎందరి తాళిబొట్లు తెగడం చూసిందో ఆ ముసలమ్మ! ఆ కథకుడు కెమెరాను ఆడవాళ్లు కూర్చున్న గదిలోకి తిప్పాడు. జనం ఆ చిత్రాలను కూడా ఆదరించారు. ప్రేక్షకులు పగనే కోరతారనే నిర్మాతల లెక్క కూడా అంత సరి అయినది కాదేమో!

మన ఇళ్లలో బాంబులు, కత్తులు లేవు. నిజమే. కాని పద్దు పుస్తకం లేని ఇల్లు ఎన్ని? ఇరవై ఏళ్ల కిందట పంపకాలలో పెరటి నుయ్యి ఎవరిదన్న తగాదాతో అన్నదమ్ములకు మాటలు లేవు. పెళ్లిలో మర్యాద తగ్గిందని వియ్యపురాలు ఇంకా ఆ గడప తొక్కలేదు. బొట్టు పెట్టి పిలవలేదని ఆడపడుచు, పిలిచినా రాలేదని వదిన. ఒకరు పోయిన నాడు రెండోవారు వచ్చి గుమ్మంలో నిలబడి ఏడుస్తారు. ఆ ఏడుపులో సగం ఆ పోయిన మనిషి కోసం, సగం ఆ పోయిన ఇరవై ఏళ్ల కోసం. ఎవరికి ఏమి వసూలయింది?

క్షమించడం సులువని నేను చెప్పను. అప్పు కొట్టివేసే షావుకారుకు నష్టం ఉండి తీరుతుంది. ఆ నష్టం ఎవరో ఒకరు భరించాలి. శిలువ అర్థం అదేనని క్రైస్తవులు నమ్ముతారు. చేజిక్కిన వైరికి ఉపకారం చేసి సాగనంపడమే అతనికి తగిన శిక్ష అని మన వేమన్న భావించాడు. ఇద్దరి మధ్య ఎన్నో శతాబ్దాలు, ఎన్నో సముద్రాలు. లెక్క మాత్రం ఒక్కటే.

ఆ మాటకు వస్తే ఇది పుస్తకాలలో వెతుక్కోవలసిన సంగతి కూడా కాదు. దేనికయినా గుండె తరుక్కుపోయినప్పుడు మన ఇళ్లలో ఆడవాళ్లు ఒక మాట అంటారు: "పగవాడిక్కూడా ఇలాంటి కష్టం రాకూడదు తల్లీ!" అనేటప్పుడు ఆ పగవాడెవడో, వాడు చేసిందేమిటో వాళ్లకు జ్ఞాపకం ఉండదు. పుస్తకం దానంతట అదే మూతపడి ఉంటుంది. ఏడుపులో ఉన్నప్పుడు అంత పెద్ద మాట అనగలిగిన జాతి, కన్నీళ్లు ఆరిన తరువాత కూడా దానిని జ్ఞాపకం పెట్టుకుంటే చాలు.